ఎడం పాటించే జంటలు

అతివాహకాలను తక్కువ ఉష్ణోగ్రతవి, ఎక్కువ ఉష్ణోగ్రతవి అని రెండు పంక్తుల్లో కూర్చోబెట్టడం మన పాఠ్యపుస్తకాలకు అలవాటు. ఆ విభజన పైపైనిదని, ఎలక్ట్రాన్లు జంటకట్టే తీరును బట్టి చేసే విభజనే పదార్థపు స్వభావాన్ని పట్టిస్తుందని ఈ వేదిక మీద వాదించదలచాను.

1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు చల్లార్చినప్పుడు దాని విద్యుత్ నిరోధం మాయమైంది. కారణం తేలడానికి 46 ఏళ్లు పట్టింది. వికర్షించుకునే రెండు ఎలక్ట్రాన్లు జంటకట్టడమేమిటన్నదే అసలు చిక్కు. 1950లో పాదరసపు ఐసోటోపుల మీద జరిగిన ప్రయోగాలు దారి చూపాయి. పరమాణువు బరువు పెరిగితే అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత తగ్గింది. అంటే స్ఫటికపు కంపనాలకు ఇందులో చేయి ఉంది. ఎలక్ట్రాన్ పోతూ పోతూ చుట్టూ ఉన్న ధన అయాన్లను కాస్త లాగుతుంది. అయాన్లు బరువైనవి, మెల్లగా కదులుతాయి. అవి దగ్గరికి జరిగేసరికి ఆ ఎలక్ట్రాన్ చాలా దూరం దాటిపోయి ఉంటుంది. అక్కడ పోగుపడిన ధనావేశం రెండో ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. రెండూ ఒకే చోటికి వస్తాయి గాని ఒకే సమయంలో కాదు. వికర్షణను కాలంలో తప్పించుకుంటాయి. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ కట్టిన సిద్ధాంతానికి పునాది ఇదే. 1961లో అతివాహక వలయంలో చిక్కిన అయస్కాంత అభివాహాన్ని కొలిస్తే దాని ప్రమాణం ఒక్క ఎలక్ట్రాన్ ఆవేశానికి కాక రెండింటి ఆవేశానికి సరిపోయింది. జంట ఉందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు కనిపించదు.

1986లో జ్యూరిక్‌లో బెడ్‌నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడులో అతివాహకతను చూశారు. మరుసటి ఏడు అదే కుటుంబంలోని ఒక పదార్థం 93 కెల్విన్‌కు, అంటే ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్‌కు పైకి చేరింది. అక్కడా అభివాహం రెండు ఎలక్ట్రాన్ల లెక్కనే చూపింది. జంట చెక్కుచెదరలేదు, మారింది దాన్ని కట్టే తీరు. మేలైన నమూనాల్లో బరువైన ఆక్సిజన్‌ను ఎక్కించినా ఉష్ణోగ్రత దాదాపు కదల్లేదు. 1994లో షుయీ, కిర్ట్‌లీ బృందం మూడు స్ఫటికాలు కలిసే బిందువు చుట్టూ సగం ప్రమాణపు అభివాహాన్ని కనుగొంది. జంట తరంగం 90 డిగ్రీలు తిరిగితే గుర్తు మార్చుకుంటుందని దాని అర్థం. అలాంటి తరంగంలో రెండు ఎలక్ట్రాన్లు ఒకే రాగి పరమాణువు మీద కలిసే సంభావ్యత సున్నా. ఇక్కడ ఎడం చోటులో ఉంది.

తక్కువగా డోప్ చేసిన రాగి ఆక్సైడుల్లో ఐసోటోపు ప్రభావం పెద్దదే కదా అని ఒక ఆక్షేపణ. నిజమే. అయితే ఉష్ణోగ్రత శిఖరానికి చేరిన చోట ఆ ప్రభావం కనిష్ఠమవుతోంది. కంపనాలకు పాలు ఉంది, పెత్తనం లేదు. పనికొచ్చేది ఉష్ణోగ్రతే కాబట్టి విభజన కూడా దాన్ని బట్టే ఉండాలన్నది మరో ఆక్షేపణ. ఇంజనీరుకు అది చాలు. కాని 1979లో స్టెగ్లిచ్ బృందం సీరియం, రాగి, సిలికాన్ల సమ్మేళనంలో కనుగొన్న అతివాహకత ఒక్క కెల్విన్‌కు లోపలిదే; అయినా పాత సిద్ధాంతానికి లొంగలేదు. 2015లో దాదాపు 15 లక్షల వాతావరణాల పీడనం కింద హైడ్రోజన్ సల్ఫైడ్ 203 కెల్విన్ దగ్గర అతివాహకమైంది. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టగానే ఆ ఉష్ణోగ్రత బాగా పడిపోయింది. అన్నిటికంటే వేడిగా ఉన్నవాటిలో ఒకటి పాదరసపు వంశానికి చెందింది, అతి చల్లనిది ఆక్సైడుల పక్కన నిలిచింది.

ఆక్సైడుల్లో జంటను కట్టేదేమిటన్నది ఇంకా తెగని వివాదం. స్పిన్‌ల ఊగిసలాటే ఆ బంధమని కొందరంటారు. పక్క పక్క రాగి స్పిన్‌ల మధ్య తక్షణ వినిమయ బలమే చాలని, వేరే జిగురు అక్కర్లేదని ఆండర్సన్ 2007లో వాదించారు. నేను స్పిన్‌ల ఊగిసలాట వైపే మొగ్గుతాను గాని, ఆండర్సన్ ప్రశ్న సరైన చోటే తగిలింది. బంధం ఎంత ఆలస్యంగా పనిచేస్తుందో ప్రయోగంలో తేల్చగలిగితే ఈ రెండు వాదాల్లో ఒకటి వెనక్కి తగ్గక తప్పదు.