డప్పులు ఒక వాడలో, నెమలి టోపీలు ఇంకో వాడలో

(సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కళ గురించి, ఐక్యత గురించి మాట్లాడమన్నారు. నేను కళాకారిణిని కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత వార్డెన్‌గా వచ్చినదాన్ని. నా రోజు తెల్లవారుజామున బియ్యం కొలవడంతో మొదలై, రాత్రి హాజరు పట్టీతో ముగుస్తుంది. అందుకని పెద్ద మాటలు పక్కన పెట్టి, నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి చెప్తాను. అందులో నేను చేసిన తప్పులు కూడా చెప్తాను.

ఒక రోజు మెస్సులో ఇద్దరు ఆడపిల్లలు నా కంటపడ్డారు. ఇద్దరిదీ ఒకే గూడెం. అయిదో తరగతిలో ఒకే దుప్పటి కప్పుకొని పడుకున్నవాళ్లు. ఎనిమిదికి వచ్చేసరికి ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చొని తింటున్నారు. ఏమైందని అడిగితే, ఒక పిల్ల తల వంచుకొని చెప్పింది: "వాళ్లది కింది వాడ మేడం. మాట్లాడితే ఇంట్లో కొడ్తరు."

ఆ గూడెం సంగతి మీలో చాలామందికి మీ సొంత ఊరి సంగతిలాగే అనిపిస్తుంది. అందుకే పేరు చెప్పను. 2018లో తండాలు, గూడేలు కొత్త పంచాయతీలయ్యాయి. మన ఊరిని మనమే ఏలుకుంటామని సంబరపడ్డాం, అది మంచిదే. 2019 జనవరిలో ఎన్నికలు వచ్చాయి. ఆ గూడెంలో పై వాడ నుంచి ఒకరు, కింది వాడ నుంచి ఒకరు నిలబడ్డారు. గెలిచినవాళ్లు గెలిచారు, ఓడినవాళ్లు ఓడారు, కానీ ఎన్నిక మాత్రం అయిపోలేదు. తర్వాత బోరు ఏ వాడలో వేయాలనే తగాదా వచ్చింది. పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోయాయి. చివరికి సావుకు కూడా ఎదురు వాడవాళ్లు దూరంగా నిలబడి పోయే స్థితికి వచ్చింది.

ఆ ఏడు దీపావళికి ఆ ఊళ్లో రెండు దండారీలు బయలుదేరాయి. నెమలి ఈకల టోపీలు దాచే ఇల్లు పై వాడలో ఉంది. డప్పులు, గుమేలా కింది వాడలో ఉన్నాయి. పై వాడ వాళ్లు టోపీలు పెట్టుకొని డప్పులు కిరాయికి తెచ్చుకున్నారు. కింది వాడ వాళ్లు డప్పులు కొడుతూ కొత్త టోపీల కోసం ఈకలు వెతుక్కున్నారు. ఊళ్లో పిల్లలు ఎటు నిలబడి చూడాలో తెలియక ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ తర్వాత కరోనా వచ్చింది. దూరాలు ఇంకా పెరిగాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి దండారీ అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. మీరు ఇప్పుడు దాన్ని ఎక్కువగా స్టేజీ మీద చూస్తున్నారు. ఎవరో మంత్రి వస్తే స్వాగతానికి గుస్సాడీలను నిలబెడుతున్నారు. అది తప్పని నేను అనను. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మా హాస్టల్లో పిల్లలు గంటసేపు చప్పట్లు కొట్టారు. 2024 అక్టోబరులో ఆయన పోయారని తెలిసినప్పుడు అదే పిల్లలు అన్నం ముట్టలేదు. అంత పెద్ద మనిషి ఆయన. కానీ ఆయన ఆడిన ఆట పుట్టింది స్టేజీ మీద కాదు, దారి మీద.

దండారీ అంటే ఒక ఊరు లేచి ఇంకో ఊరికి చుట్టంగా పోవడం. ఏత్మాసూర్‌ను కొలిచి, వాయిద్యాలకు పూజ చేసి, గుస్సాడీలు ఒంటికి బూడిద రాసుకొని, నెమలి టోపీ పెట్టుకొని, పండుగ ముగిసేదాకా స్నానం చేయకుండా నియమం పాటిస్తారు. బృందం వస్తుంటే ఎదురూరి వాళ్లు పొలిమేర దాకా వచ్చి పిలుచుకుపోతారు. కాళ్లకు నీళ్లిస్తారు. అన్నం పెడతారు. రాత్రంతా ఆట. ఆ ఊరు మళ్లీ మన ఊరికి రావాలి. ఈ రాకపోకల్లోనే పిల్లను చూసుకుంటారు, సంబంధాలు కలుపుకొంటారు, పాత అలకలు తీర్చుకుంటారు. అంటే పిలిచే ఊరు లేకుండా దండారీ లేదు. ఒక్క ఊరు తనంతట తాను ఆడుకుంటే అది ప్రాక్టీసు అవుతుంది, దండారీ కాదు.

మన కళలన్నీ ఇలాగే ఉంటాయి. చూడండి. కేస్లాపూర్ నాగోబాకు మెస్రం వాళ్లు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. పూజ వాళ్లదే. కానీ పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. మన గోత్రాల కథలు మనకంటే బాగా ప్రధాన్‌ల నోట ఉంటాయి, వాళ్ల కిక్రి మీద ఉంటాయి. పండుగకు పెప్రె ఊదేది వాళ్లే. మన దేవుళ్లకు, నగలకు, గజ్జెలకు ఇత్తడి పోతపోసేది ఉషేగాం లాంటి ఊళ్ల ఓజాలు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పని వాళ్ల చేతులది. కోలాములు కూడా మనతోపాటు దండారీ ఆడతారు. ఒక్క చేతిలో పూర్తయ్యే కళ మన దగ్గర నాకైతే ఒక్కటీ కనపడదు. పెద్దలు కావాలనే అలా పంచి పెట్టారేమో అనిపిస్తుంది. ఒకరి దగ్గర టోపీ, ఒకరి దగ్గర డప్పు ఉంటే, పండుగ నాటికైనా ఒకరి గడప ఒకరు తొక్కాలి.

ఇక నా తప్పులకు వస్తాను. ఆ ఇద్దరు పిల్లల్ని చూశాక నాలోని టీచరు లేచింది. ఊరి పిల్లలందరికీ "మన ఊరు మన ఐక్యత" అని చిత్రలేఖనం పోటీ పెట్టాను. మొదటి బహుమతి పై వాడ పిల్లకు వచ్చింది. నిజంగానే బాగా వేసింది. కానీ ఆ సాయంత్రమే కింది వాడ తల్లులు వచ్చి, "బాయీ, నువ్వు కూడా వాళ్ల దిక్కేనా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విడిపోయిన చోట పోటీ పెట్టడమంటే ఇంకో ఎన్నిక పెట్టినట్టే అని నాకు అప్పుడు తెలిసింది.

2022 దసరా సెలవుల్లో మళ్లీ ప్రయత్నించాను. ఈసారి ఐక్యత అనే మాటే ఎత్తలేదు. రెండు వాడల నడుమ పాత బడి గోడ ఒకటి ఉంది. దాని మీద ఎన్నికల రాతలు ఇంకా చెరిగిపోలేదు. పిల్లలకు ఒకటే పని చెప్పాను: మన ఊరి దండారీ ఇప్పటిదాకా ఏయే ఊళ్లకు పోయిందో ఆ ఊళ్లన్నీ ఈ గోడ మీద బొమ్మగా వేయాలి. మొదట మీ మీ వాడల్లో కాకోలను, తాతలను అడిగి పేర్లు రాసుకొని రండి.

పై వాడ పిల్లలు తొమ్మిది ఊళ్ల పేర్లు తెచ్చారు. కింది వాడ పిల్లలు పదకొండు తెచ్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లోనూ ఉన్నవి నాలుగే. మొత్తం పదహారు ఊళ్లు. పిల్లలు ఆ కాగితాల వంక చూసి ఆశ్చర్యపోయారు. వాళ్లకు తెలిసిన ఊరి చరిత్ర సగమే. మిగతా సగం ఎదురు వాడ ముసలమ్మ దగ్గర ఉంది. బొమ్మ పూర్తి కావాలంటే ఆమె దగ్గరికి పోక తప్పదు.

పోయారు. మొదటి రోజు ఇద్దరే. ఒక కాకో ఒక్కో ఊరి పేరు చెప్తూ, "ఆ ఊరికి పోయిన ఏడే మీ ముత్తవ్వను చూసి తెచ్చుకున్నం" అన్నది. అలా ఊళ్ల పక్కన పెళ్లిళ్లు కూడా చేరాయి. లెక్క చూస్తే పై వాడకు కోడళ్లనిచ్చిన ఊళ్లే కింది వాడకూ ఇచ్చాయి. అక్కాచెల్లెళ్ల పిల్లలు ఎన్నికల పేరు మీద ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదని ఆ గోడ ముందు నిలబడ్డ వాళ్లందరికీ తెలిసింది. అది నేను చెప్పి ఉంటే ఎవరూ వినేవారు కాదు.

రంగులు కొనలేదు. ఎర్రమన్ను వాగు దగ్గర కింది వాడ వైపు దొరుకుతుంది, తెల్లసుద్ద గుట్ట మీద పై వాడ వైపు. బొగ్గు అందరి పొయ్యిలోనూ ఉంటుంది. వేప పుల్ల కొస నమిలితే అదే కుంచె. ఎవరి పేరూ గోడ మీద రాయలేదు, సర్పంచి పేరు కూడా. నా పేరు కూడా.

ఇక్కడ రెండో తప్పు జరిగింది. ఉత్సాహంలో పిల్లలు గోడ అడుగున గుస్సాడీ టోపీ బొమ్మ వేశారు. నేను బాగుందని మెచ్చుకున్నాను. సాయంత్రం దేవారీ వచ్చి చూసి, కోపం లేకుండానే అన్నాడు: "బాయీ, మనం పూజ చేసి పెట్టుకునే టోపీ అది. ఇక్కడ మేకలు పండుకుంటయి, వానకు బురద చిందుతది." నేను తల వంచుకొని, నా చేత్తోనే ఆ బొమ్మ మీద మట్టి పూశాను. చదువుకున్న మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏది బొమ్మ వేయొచ్చు, ఏది వేయకూడదు అనేది మన ఇష్టం కాదు. ముందు అడగాలి. అడిగితే పెద్దలు మన పనిలోకి వస్తారు. ఆ రోజు నుంచి దేవారీ రోజూ వచ్చి గోడ ముందు కూర్చున్నాడు.

ఆ దీపావళి ముందు ఇంకో సంగతి జరిగింది. ఎప్పటి నుంచో వాళ్ల దండారీని పిలిచే ఒక ఊరికి రెండు వాడల నుంచీ విడివిడిగా కబురు పోయింది. ఆ ఊరి పటేల్ తిరుగు కబురు పంపాడు: "మీ ఊరికి మేం బాకీ ఉన్నది ఒక్క దండారీ. రెండింటికి వండలేం. ఏది మీ ఊరి దండారీయో మీరే తేల్చుకొని రండి."

ఆ మాట గూడెంలో పిడుగులా పడింది. రెండు రాత్రులు పెద్దలు కూర్చున్నారు. అరుచుకున్నారు కూడా. మూడో రోజు కింది వాడ నుంచి డప్పులు పై వాడకు నడిచి వచ్చాయి. వాయిద్యాల పూజ ఒకే చోట జరిగింది. ఆ ఊరికి ఒకే దండారీ పోయింది. మా ఇద్దరు పిల్లలు ఊరి పొలిమేర దాకా ఆ డప్పుల వెనకే నడిచారు.

ఇంతటితో అంతా బాగైపోయిందని చెప్తే అబద్ధం అవుతుంది. బోరు తగాదా గోడతో తీరలేదు. అది రాయి సెంటర్ దాకా పోయింది, అక్కడ పెద్దలు రెండు వైపులా విని తీర్పు చెప్పారు. రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు. కళకు భూమి తగాదా తీర్చే శక్తి లేదు, నీళ్లు పంచే శక్తి లేదు. కానీ తగాదా తీర్చుకోవాలంటే ముందు ఒకచోట కూర్చోగలగాలి. ముఖం చూసుకోని వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం మాత్రం ఆ గోడ చేసింది, ఆ దండారీ చేసింది.

మీరు మీ ఊళ్లకు పోయి ఇలాంటిది చేయాలనుకుంటే నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, సగం ఒక దిక్కు, సగం ఇంకో దిక్కు ఉన్న పనిని వెతకండి. ఏ ఒక్కరూ ఒంటరిగా పూర్తి చేయలేని పని కావాలి. పాట అయితే ఒకరికి మొదలు తెలిసి, ఇంకొకరికి చివర తెలిసి ఉండాలి.

రెండు, పోటీలు పెట్టకండి, బహుమతులు ఇవ్వకండి, జెండాలు కట్టకండి. పని అయ్యాక అందరూ కలిసి తినండి. అదే బహుమతి.

మూడు, ఫోను తీసే ముందు అడగండి. పూజ దగ్గర వీడియో తీసి రీలు పెట్టి, కింద "మా వాడ దండారీయే గొప్ప" అని రాస్తే, నెలరోజుల పని ఒక్క నిమిషంలో పోతుంది. ముసలివాళ్ల మాటలు మాత్రం తప్పకుండా రికార్డు చేయండి, వాళ్లు ఒప్పుకుంటే. మా గోడ మీది పదహారు ఊళ్ల పేర్లు చెప్పిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

నాలుగు, శాశ్వతమైన రంగుల కోసం వెంపర్లాడకండి. మా గోడ మొదటి వానాకాలానికే సగం కొట్టుకుపోయింది. నేను బాధపడ్డాను. పిల్లలు బాధపడలేదు. "మళ్లీ వేద్దాం మేడం, ఎట్లాగూ దీపావళికి ఇల్లు అలుకుతం కదా" అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ దండారీకి ముందు రెండు వాడల పిల్లలు ఎర్రమన్ను, సుద్ద పట్టుకొని అక్కడికి వస్తున్నారు. ఆయిల్ పెయింటు వేసి ఉంటే ఒక్కసారే కలిసేవారు.

1940లలో మార్లవాయిలో హైమెండార్ఫ్ దొర చొరవతో మన గోండు యువకులను టీచర్లుగా తయారుచేశారు. మన మాటతోనే మన పిల్లలకు చదువు మొదలుపెట్టాలన్నది వాళ్ల ఆలోచన. నేను ట్రైనింగ్‌లో చార్టులు, బోర్డులు నేర్చుకున్నాను. కానీ ఊరు మొత్తానికి పాఠం ఎలా చెప్పాలో నాకు నేర్పింది ఒక కాకో, ఒక దేవారీ, పొరుగూరి పటేల్ పంపిన ఒక కబురు.

ఈ రోజు ఇంటికి పోయాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: మన ఊరి దండారీ ఎక్కడెక్కడికి పోయేది? ఇప్పుడు ఎక్కడికి పోవడం మానేసింది? ఎందుకు మానేసింది? జవాబులో సగం మీ ఇంట్లో దొరుకుతుంది. మిగతా సగం కోసం మీరు మాట్లాడని ఇంటికి పోవలసి వస్తుంది. పోండి. గడప దగ్గర నిలబడి రామ్ రామ్ అనండి. తిరిగి రామ్ రామ్ అనని ఇల్లు మన దగ్గర చాలా అరుదు.

ఆ ఇద్దరు పిల్లలు ఈ ఏడాది ఇంటర్ అయిపోయి హాస్టల్ వదిలి వెళ్లారు. వెళ్లేటప్పుడు ఒకే ఆటోలో ఎక్కారు. నాకు అది చాలు.

అందరికీ రామ్ రామ్.