వేషం కొండది, మాట మనది



గిడుగు రామమూర్తి గారి స్మారకోపన్యాసం అనగానే వ్యావహారిక భాష గురించి చెబుతానని అనుకుని ఉంటారు. ఆయన పుట్టిన పర్వతాలపేట మనకు దూరమేమీ కాదు. ఆ వ్యావహారిక భాష కథ మీకు తెలిసిందే. నేను కొండజాతి సవరల భాషకు ఆయన చేసిన సేవను ముందు పెట్టుకుని, మన నాటకం, సినిమా కొండవాళ్లను ఎలా చూపించాయో చెబుతాను.

నరసింహస్వామి చెంచితను వలచిన కథ యక్షగానాల నాటిదే. అది 1943లోనూ 1958లోనూ ‘చెంచులక్ష్మి’గా తెరకెక్కింది. 1976లో ‘భక్త కన్నప్ప’ వచ్చాడు. ఈ కథల్లో చులకన లేదు, ప్రేమే ఉంది. ఆ ప్రేమకు మాత్రం ఇద్దరే సరిపోయారు: అందమైన అడవిపిల్ల, అమాయక భక్తుడు. భక్తీ వలపూ లేని చోట నవ్వించడానికి మూడోవాణ్ణి దింపారు. ఈకల కిరీటం, పూసల దండలు, అర్థంలేని కేకలు. నల్లమల చెంచుకూ, గోదావరి కోయకూ, సీతంపేట సవరకూ అదే వేషం.

వీరగాథల్లో గౌరవం పెరిగింది, చోటు పెరగలేదు. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చూసినవాళ్లకు గాం సోదరులు గంటం దొర, మల్లు దొర రాజుగారి అనుచరులుగానే గుర్తు. చరిత్రలో గంటం దొరకు పదవి పోయిన తగవు తనదంటూ ఒకటి ఉంది. మల్లు దొర శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ గోండు వీరుడు భీమ్‌ను అల్లూరి పాత్ర అయిన రాముడికి సమానంగా నిలబెట్టింది. అయినా చివర్లో భీమ్ రాముణ్ణి అడిగింది చదువే. అక్షరం ఎప్పుడూ పల్లం నుంచే కొండెక్కాలన్నది మన కథల అలవాటు.

గిడుగు వారు ఎదురు దారిలో నడిచారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఆయన దగ్గర శిష్యరికం చేశారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. సర్కారు బహుమానం ఇస్తామంటే బడి అడిగారు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. నేర్పే ముందు నేర్చుకోవడం ఆయన పద్ధతి.

కథల్లో కొండవాళ్లకు జరిగిన అవమానం మనకు తెలియనిది కాదు. ‘ఏటి’, ‘వచ్చీసినాడు’ అనే మన ప్రాంతపు మాటలను సినిమావాళ్లు పనివాళ్ల నోటా, హాస్యగాళ్ల నోటా పెట్టినప్పుడల్లా మనకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. మరి మన బడి వార్షికోత్సవంలో పిల్లలకు మసి పూసి, ఆకులు చుట్టి, ‘కొండవాళ్ల డాన్సు’ ఆడిస్తే చప్పట్లు కొట్టేది ఎవరు? మనమే కదా!

నాటకాలు ఆడించే పెద్దలకు ఒక్క మనవి. ఇకమీదట సవర పాత్ర రాస్తే ఆ మాటలు సవరల చేతే రాయించండి. సీతంపేట కొండల్లో చదువుకున్న పిల్లలకు కొదవ లేదు. ఆ మాటలు సగం మనకు అర్థం కాకపోవచ్చు. నిఘంటువు రాయడానికి గిడుగు వారు పడ్డ శ్రమతో పోలిస్తే, రెండు గంటలు చెవి ఒగ్గి కూర్చోవడం ఏపాటి కష్టం?