ఎండాకాలం సైకిల్‌కి ఏ షూ? ఫ్లాట్ పెడల్, వైజాగ్ చెమట, మా నాన్న పాదం

టైం పొద్దున్న ఆరుంపావు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా కూర్చున్నాను, సైకిల్ పక్కనే ఉంది. అప్పుడే షర్ట్ వీపుకి అతుక్కుపోయింది, చూడండి. విజయవాడ ఫ్రెండ్స్ ఫోన్ చేసి "మాకు 43 డిగ్రీలు రా, మీకేంటి సముద్రం ఉంది" అంటారు. నిజమే, మనకి 35 దగ్గరే ఆగుతుంది. కానీ వాళ్లకి చెమట పడితే ఆరుతుంది. మనకి ఆరదు. గాలిలోనే నీళ్లుంటే ఇంక ఎక్కడికి ఆరుతుంది చెప్పండి? ఈ ఎపిసోడ్‌లో సగం ఆ ఆరని చెమట గురించే.

చాలామంది అడిగారు, "అన్నా, ఫ్లాట్ పెడల్ సైకిల్ కొన్నాను, ఎండాకాలం ఏ షూ వేసుకోవాలి, బడ్జెట్ తక్కువ" అని. చెప్తాను. కానీ ముందు నేను చేసిన ఒక వెధవ పని చెప్పాలి. అది చెప్పకుండా షూ గురించి సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. మేముండేది కూర్మన్నపాలెం వైపు. డ్యూటీ ఉన్నన్నాళ్లూ సేఫ్టీ బూట్లే. వేళ్ల దగ్గర లోపల ఇనుప టోపీ ఉంటుంది కదా, అవి. ఏ షిఫ్ట్ అయినా, ఏ ఎండైనా అవే. ఆయనకి సుగర్ వచ్చి పన్నెండేళ్లు దాటింది. డాక్టర్ నడవమంటే మోకాళ్లు నొప్పంటారు. సరే, నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి సైకిళ్ల మీద పడ్డాక, ఇంట్లో ఉన్న పాత గేర్ సైకిల్ బాగు చేసి ఆయనకిచ్చాను. "నాన్నా, మోకాళ్ల మీద బరువు పడదు, హాయిగా తొక్కుకోండి" అన్నాను. అంతవరకు బానే ఉంది.

తర్వాత నా తెలివి పనిచేసింది. సైకిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ పెడల్స్ జారుతున్నాయని అల్యూమినియం పెడల్స్ వేశాను, చిన్న చిన్న మేకుల్లాంటి పిన్నులు ఉంటాయే, అవి. కాళ్లకేమో నా పాత రన్నింగ్ షూ ఇచ్చాను. మెత్తగా ఉంటాయి కదా, ఆయనకి హాయిగా ఉంటాయి అనుకున్నాను. రెండేళ్లు నేను పరిగెత్తి అరగదీసిన షూ అవి.

రెండు వారాల తర్వాత అమ్మ బట్టలు ఉతుకుతూ సాక్స్ తెచ్చి చూపించింది. నల్ల సాక్స్. తడిపితే నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. నాన్నని కూర్చోబెట్టి కాలు చూస్తే, కుడి పాదం కింద, బొటనవేలి వెనక గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండే చోటు ఉంటుంది కదా, అక్కడ పొక్కు వచ్చి చితికిపోయి ఉంది. "ఏటీ తెలీలేదురా నాకు" అన్నారు. నిజంగానే తెలీలేదు. సుగర్ చాలా ఏళ్లు ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి, నొప్పి తెలియదు. మనకైతే పది నిమిషాల్లో మండి షూ విప్పేస్తాం. ఆయన రోజూ గంట తొక్కారు.

అది మానడానికి ఆరు వారాలు పట్టింది. డాక్టర్ గారు నన్ను పెద్దగా ఏమీ అనలేదు, "ఇంకో వారం ఆలస్యంగా వచ్చుంటే వేరేలా మాట్లాడుకునేవాళ్లం" అని మాత్రం అన్నారు. నేను ఇంజనీర్‌ని అండీ. లోడ్, ఏరియా, ప్రెజర్ అని పరీక్షల్లో రాసి పాసైనవాడిని. మా నాన్న కాలికి మాత్రం ఆ లెక్క వెయ్యలేదు.

ఇప్పుడు వేద్దాం. నిమిషానికి 70 సార్లు తొక్కారనుకోండి. గంటకి 4,200 సార్లు. ఒక్కో పాదం అన్నిసార్లు అదే చోట నొక్కుతుంది. నడిచేటప్పుడు మడమ నుంచి వేళ్ల దాకా బరువు దొర్లుకుంటూ పోతుంది. సైకిల్ మీద అలా కాదు, అరచేయంత పెడల్ మీదే అంతా. షూ అడుగు గట్టిగా ఉంటే ఆ బరువు పాదమంతా పరుచుకుంటుంది. మెత్తగా ఉంటే ఫోమ్ అణిగిపోతుంది, అరిగిన ఫోమ్ ఇంకా అణుగుతుంది, పెడల్ అంచు, పిన్నులు ఉన్న చోటే పాదానికి గుచ్చుకుంటాయి. దానికి తోడు లోపల చెమట. నానిన చర్మం పొడి చర్మం కంటే తొందరగా లేచిపోతుంది. మెత్తటి అడుగు, తడి సాక్స్, 4,200 నొక్కుళ్లు. అంతే, పొక్కు రెడీ.

అందుకే షాపులో "సార్, ఇది చాలా సాఫ్ట్, వేసుకుని చూడండి, మేఘం మీద నడిచినట్టుంటుంది" అంటే, సైకిల్‌కి మాత్రం వద్దు. మేఘం పరుగుకి. షూని రెండు చేతుల్తో పట్టుకుని వంచండి. వేళ్ల దగ్గర కొంచెం వంగాలి, ఎందుకంటే దిగి నడవాలి కూడా. మధ్యలో మడత పడిపోతే పక్కన పెట్టండి. తర్వాత బట్ట పిండినట్టు మెలితిప్పండి. తిరగడానికి మొండికేస్తే అదే మీ షూ. షాపతను అదోలా చూస్తాడు. చూడనివ్వండి.

అడుగు కింద డిజైన్ సంగతి. కొండలెక్కే షూలకి లోతైన గళ్లు ఉంటాయి, మంచి గ్రిప్ అనుకుంటాం. మట్టిలో గ్రిప్పే. పెడల్ మీద ఆ గళ్ల మధ్య ఖాళీల్లో పిన్ను దేన్నీ పట్టుకోదు, కాలు ఒక్కోసారి ఒక్కోచోట కూర్చుంటుంది. కావాల్సింది చదునుగా ఉండి, రబ్బరు కొంచెం జిగురుగా ఉండేది. దీనికో చరిత్ర ఉంది. అమెరికాలో వ్యాన్స్ అనే కంపెనీ 1966లో కాలిఫోర్నియాలో మొదలైంది, వాఫుల్‌లా గళ్ల గళ్లుగా ఉండే చదును రబ్బరు అడుగు వాళ్ల షూలకి. స్కేట్‌బోర్డ్ పిల్లలు, తర్వాత బీఎంఎక్స్ సైకిల్ పిల్లలు దాని వెంట పడ్డారు. ఫైవ్ టెన్ అని ఇంకోటి, 1985లో రాతి కొండలెక్కేవాళ్ల షూ కోసం పుట్టింది. ఆ అతుక్కునే రబ్బరునే తర్వాత సైకిల్ షూకి వేశారు. ఇవి కొనమని చెప్పట్లేదు. ఫైవ్ టెన్ ధర చూస్తే నాకే చెమట పట్టింది, పైగా చాలా మోడళ్లు మందంగా ఉంటాయి, వైజాగ్ మే నెలకి అది కంబళి. సూత్రం మాత్రం తీసుకోండి. చదును అడుగుతో స్కేట్ షూ, బ్యాడ్మింటన్ షూ లాంటివి, పైన జల్లెడ బట్ట ఉన్నవి, మన బడ్జెట్‌లో దొరుకుతాయి. నేను ఇప్పుడు వేసుకున్నది బ్యాడ్మింటన్ షూనే. గమ్ రబ్బరు అడుగు, పక్కలకి తిరగదు, గాలి వస్తుంది.

కాన్వాస్ షూ అడుగుతారు. స్కూల్లో పీటీకి వేసుకున్న తెల్లవి. గ్రిప్ బాగుంటుంది, చవక. కానీ అడుగు పల్చన, పిన్ను తెలుస్తుంది. పైగా కాన్వాస్ తడిస్తే సాయంత్రానికి కూడా ఆరదు. ప్లాస్టిక్ పెడల్ మీద మార్కెట్‌కి వెళ్లి రావడానికి పర్లేదు, భీమిలి దాకా వద్దు.

ఇక హవాయి చెప్పులు. మనలో తొంభై మంది వాటితోనే తొక్కుతాం, నేనూ తొక్కాను. రుషికొండ దాటాక రోడ్డు ఎక్కి దిగుతుంటుంది కదా, ఆ దిగుడులో తడి చెప్పు జారి, పెడల్ తిరిగొచ్చి పిక్కకి కొట్టింది. మచ్చ ఇదిగో. చెప్పు రోడ్డు మీద, నేను ఇంకో ఇరవై మీటర్ల ముందు. తీరిగ్గా వెనక్కి నడిచి తెచ్చుకున్నాను. శాండల్సే కావాలంటే వేళ్లు కప్పేసి, వెనక పట్టీ ఉండి, అడుగు గట్టిగా ఉన్నవి వేసుకోండి. ఆరడంలో వాటిని మించింది లేదు. సుగర్ ఉన్నవాళ్లు మాత్రం శాండల్స్ జోలికి పోవద్దు, చిన్న రాయి దూరినా తెలీదు.

ఒకరు అడిగారు, "షూ పెడల్‌కి తగిలించుకునే క్లిప్‌లెస్ కొంటే గొడవ ఉండదు కదా" అని. ముందు ఆ పేరే తిరకాసు. తగిలించుకునేదాన్ని క్లిప్ లేనిది అంటారు. పాతకాలంలో వేళ్లకి ఇనుప చట్రం, తోలు పట్టీ ఉండేవి, వాటిని క్లిప్ అనేవారు. అది పోయింది కాబట్టి క్లిప్‌లెస్. 1985లో బెర్నార్డ్ హినో అలాంటి లుక్ పెడల్స్ మీద టూర్ డి ఫ్రాన్స్ గెలిచాక అందరూ అటు వెళ్లారు. రేసుకి బానే ఉంటుంది. గాజువాక జంక్షన్‌లో ఆటో సడన్‌గా ఆగితే కాలు కింద పెట్టాలా వద్దా? నా ఓటు ఫ్లాట్‌కే.

సైజు సాయంత్రం పూట చూడండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, ఎండలో తొక్కినా అలాగే ఉబ్బుతాయి. పొడవైన వేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే కొత్త షూ కొనేముందు వేళ్ల వైపు లేసు వదులు చేసి చూడండి, చీలమండ వైపు బిగువుగానే ఉంచి. లేసు చివర్లు లోపలికి తోసెయ్యాలి, కుడి కాలిది మరీ ముఖ్యం, చైన్ అటే ఉంటుంది. లేసు పళ్ల చక్రంలో చుట్టుకుంటే కాలు ఎత్తలేరు, సైకిల్‌తో పాటే పడతారు.

సాక్స్‌కి కాటన్ మంచిదని అమ్మలందరూ చెప్తారు. నడిచి ఆఫీసుకి వెళ్లడానికి మంచిదే. గంటసేపు తొక్కితే కాటన్ చెమట తాగి అక్కడే ఉంచుకుంటుంది. పల్చటి స్పోర్ట్స్ సాక్స్ వేసుకోండి, పాలిస్టర్ కలిసినవి. ఇంటికొచ్చాక షూలో లోపలి అట్ట బయటకి తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. ఎండలో వద్దు, గమ్ ఊడిపోతుంది. రెండు జతలుంటే మార్చి మార్చి వేసుకోవడం ఇంకా మంచిది.

మా నాన్న దగ్గరకి వస్తే, పుండు మానాక డాక్టర్ ఒప్పుకున్నాకే మళ్లీ సైకిల్ ఎక్కారు. పిన్ను పెడల్స్ పీకేశాను. వెడల్పుగా ఉండే, రబ్బరు పరిచిన పెడల్స్ వేశాను. షూ గట్టి అడుగుది, వేళ్ల దగ్గర విశాలంగా, లోపల కుట్లు తగలకుండా ఉన్నది. మొదటి వారం పావుగంటే. సాక్స్ తెల్లవి. రక్తం వస్తే వెంటనే కనిపించాలి కదా. వేసుకునే ముందు షూలో చెయ్యి పెట్టి చూస్తారు, తిరిగొచ్చాక అద్దం కింద పెట్టుకుని పాదం చూసుకుంటారు. మీ ఇంట్లో సుగర్ ఉన్నవాళ్లు ఉంటే ముందు డాక్టర్‌కి పాదాలు చూపించి, ఆ తర్వాతే షూ షాపుకి తీసుకెళ్లండి.

మొన్న కొత్త షూ వేసుకుని అటూ ఇటూ తిరిగి, "ఇంత గట్టిగా ఉన్నాయేట్రా, నా సేఫ్టీ బూట్లే నయం" అన్నారు. అడుగు విషయంలో ఆ బూట్లు నిజంగానే కరెక్ట్, నాన్నా. బరువు, వేడి, ఆ ఇనుప టోపీ, అవే తేడా.

సరే, ఏడవుతోంది, ఎండ ముఖం మీదకి వచ్చేసింది. నేను తెన్నేటి పార్క్ దాకా వెళ్లి వెనక్కి వస్తాను. వచ్చే వారం పెడల్స్ విప్పడం చూపిస్తాను, ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది, తెలీక బలమంతా పెట్టి పాడుచేసుకోకండి. బై.