బండిలో బస

ప్రయాణికుడు రాత్రివేళ బండి విప్పి పరుల నేలపై పండుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మోటారు బస్సులు పల్లెలకు రాక పూర్వము విజయనగరమున పైడితల్లి అమ్మవారి పండుగకును, అరసవల్లి రథసప్తమికిని, శ్రీముఖలింగము శివరాత్రికిని జనము గూడుబండ్లలోనే బయలుదేరెడివారు. పిల్లలును, ముసలివారును బండి లోపల. బియ్యము, కుండలు, ఎండుగడ్డి వెనుక. ప్రొద్దు వాలినచోట చెరువుగట్టుననో, మామిడితోపులోనో బండి విప్పుదురు. ఆ రాత్రికి ఆ బండియే ఇల్లు. నేడు మోటారు బండిలో మంచము, పొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి అమర్చుకొని దేశము తిరుగువారిని చూచి మనము విస్తుపోవుచున్నాము. ఆలోచించినచో అది మన గూడుబండికి దూరపు చుట్టమే.

గూడుబండికి ఒక మర్యాద ఉండెడిది. దానిని ఎవరును వ్రాసిపెట్టలేదు; అందరికిని తెలియును. బండి విప్పుటకు ముందు తోట ఆసామిని గాని, కావలివానిని గాని అడుగవలెను. త్రాగునీటి రేవున ఎద్దులను దింపరాదు. మూడు రాళ్ళ పొయ్యి వెలిగించినచో, పోవునపుడు నీళ్ళు చల్లి మన్ను కప్పవలెను. ఎద్దులు వేసిన పేడ తోటలోనే మిగులును. అది ఆసామికి నష్టము కాదు, ఎరువు. కాని నేటి బండి వదలిపోవునది పేడ కాదు. ప్లాస్టికు సంచులు, ఖాళీ సీసాలు, ఇంజను నూనె, సబ్బునీరు, అంతకంటె హీనమైన మురుగు. ఇవి ఏ పొలమునకును ఎరువు కాజాలవు. కనుక పాత మర్యాదను నిలుపుకొనుటతో సరిపోదు. దానికి మరికొంత చేర్చుకొనవలెను.

బండిలో నిద్రించువారనగా కేవలము విలాసయాత్రికులని తలపరాదు. చెన్నపట్టణమును కలకత్తాను కలుపు 16వ నంబరు జాతీయ రహదారి మన రెండు జిల్లాల మీదుగా పోవుచున్నది. ఆ దారి ప్రక్కన ప్రతి రాత్రియు లారీలను నిలిపి, సీటు వెనుక పలకపై ఒరిగి కన్ను మూయు చోదకులు ఎందరో కలరు. వంటసామగ్రితో, వంటవానితో సహా తీర్థయాత్రకు బయలుదేరు బస్సులు కలవు. పండుగకు వ్యానులలోను, ట్రాక్టర్లలోను వచ్చి వానిలోనే రాత్రి గడుపు కుటుంబములు కలవు. వీరందరి తరువాత వచ్చినది మోటారు ఇల్లు. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్ల యాత్రలకై ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది. మన తీరమునకును ఇట్టి బండ్ల రాక పెరుగుననుటలో సందేహము లేదు. కావున మర్యాద ఏమో ముందే తెలిసికొని యుండుట మేలు.

జర్మనీ దేశమున ఈ విషయమై ఒక చక్కని విభజన పాటింపబడుచున్నది. అలసిన చోదకుడు తిరిగి బండి నడుపు శక్తిని చేకూర్చుకొనుటకై, బండ్లు నిలుపు సాధారణ స్థలమున ఒక రాత్రి తన బండిలోనే నిద్రించుట, ప్రత్యేకమైన నిషేధము లేనిచోట, తప్పు కాదు. అదే స్థలమున కుర్చీలు వేసి, పందిరి లాగి, వంట ప్రారంభించి కాపురము పెట్టుట మాత్రము తప్పు. అనగా నిలుపుట వేరు, విడియుట వేరు. ఈ ఒక్క సూత్రమును మనస్సున ఉంచుకొన్నచో తక్కిన మర్యాదలు అనేకము దానినుండియే పుట్టును. మన బండి ఆక్రమించినంత నేలయే మనది, అదియు తెల్లవారువరకే.

మన దేశమున చట్టము ఏమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 122వ విభాగము ప్రకారము, ఇతరులకు అపాయము గాని, అడ్డంకి గాని, మితిమీరిన అసౌకర్యము గాని కలుగునట్లు బహిరంగ స్థలమున బండిని నిలుపరాదు. 127వ విభాగము ప్రకారము, పది గంటలు గాని అంతకు మించి గాని ఎవరును లేక విడువబడిన బండిని, నిలుపరాని చోట నిలిపిన బండిని పోలీసు అధికారి అచటినుండి తొలగింపజేయవచ్చును. ఆ ఖర్చు యజమానిదే. చట్టము కనీసమును మాత్రమే చెప్పును. మర్యాద అంతకు పైమెట్టు.

మొదటి మర్యాద అడుగుట. గుడి ఆవరణమైనచో దేవస్థానమువారిని, పెట్రోలు బంకైనచో అచటి మేనేజరును, ఊరి మైదానమైనచో పంచాయతీవారిని అడుగవలెను. ఎవరును కనబడనిచో దగ్గరి గుమ్మము కడకు పోయి, "అమ్మా, ఈ రాత్రికి మా బండి ఇక్కడ ఆపుకోవచ్చా? పొద్దున్నే వెళ్ళిపోతాం" అని ఒక మాట చెప్పవలెను. ఆ మాటకు ఖర్చు లేదు. చీకటిలో తమ ఇంటియెదుట తెలియని బండి ఆగియున్నచో ఆడువారును, పిల్లలును ఎంత కలతపడుదురో అడుగనివానికి తెలియదు. అడిగినవానికి నీళ్ళ బిందెయు దొరకును, దారియు తెలియును. ప్రొద్దు గ్రుంకకముందే చేరినచో స్థలము చక్కగా కనబడును. మనమును నలుగురికి కనబడుదుము. దాబా ఆవరణమున బండి నిలిపినవారు ఆ పూట భోజనము అచటనే చేయుట న్యాయము. రహదారి ప్రక్కన లారీలకై విడిచిన స్థలమును విహారయాత్రికులు ఆక్రమించుట మాత్రము ఎంతమాత్రమును తగదు. నిద్రలేని లారీ చోదకుడు ఆ రాత్రి రోడ్డుమీద నున్న అందరికిని ప్రమాదమే.

రెండవది నీటి మర్యాద. బండిలో మరుగుదొడ్డి ఉన్నదని గర్వించువారు దాని తొట్టిని ఎచట ఖాళీ చేయవలెనో బయలుదేరుటకు ముందే ఆలోచించుకొనవలెను. గెడ్డలోను, చెరువులోను, రోడ్డు ప్రక్క కాలువలోను విడుచుట పాపమే కాక అనారోగ్యహేతువు. మన గెడ్డనీరు దిగువన ఒక ఊరివారి స్నానమునకును, మరియొక ఊరివారి పశువులకును పోవును. మురుగు గుంట గల చోట అనుమతి గైకొని ఖాళీ చేయవలెను. లేనిచో తొట్టి మూసికొని పట్టణము వరకు పోవలెను. పాత్రలు కడిగిన నీటిని సైతము కుళాయిగట్టున పారబోయరాదు. చెత్తను మూటకట్టి వెంట తీసికొనిపోవలెను.

మూడవది వెలుగునకును, చప్పుడునకును సంబంధించినది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను బట్టి రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు బహిరంగ ప్రదేశములలో లౌడుస్పీకరు వాడుట సాధారణముగా నిషిద్ధము. మన ఊళ్ళలో రైతులు తెల్లవారుజామున లేతురు. బెస్తవారు అంతకు ముందే వలలతో సముద్రమునకు పోవుదురు. వారి నిద్ర మన వినోదముకంటె విలువైనది. మనుష్యులే కాదు. కళింగపట్టణము, బారువ మొదలగు తీరములలో శీతకాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు రాత్రివేళ గ్రుడ్లు పగులగొట్టుకొని వచ్చి, సముద్రముపై గల లేతవెలుగును గుర్తుగా గొని నీటివైపు పోవును. ఒడ్డున బండిదీపము వెలుగుచున్నచో అవి దారి తప్పి ఎదురుదిక్కునకు ప్రాకి చచ్చును. ఇసుకపై బండి నడపినచో గ్రుడ్లే నలిగిపోవును. టెక్కలి సమీపమున తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఆ ఊరివారు ఇంటి ఆడపడుచులవలె కాపాడుకొనుచున్నారు. అట్టి చోట రాత్రి హారను మ్రోగించువాడు ఆ ఊరి మనస్సును నొప్పించినవాడగును.

ఇక ప్రాణములతో ముడిపడిన మాట. 2023 ఆగస్టు 26న మదురై రైల్వేస్టేషను వద్ద నిలిపియుంచిన యాత్రికుల పెట్టెలో, నిషేధమును మీరి తెచ్చిన గ్యాసు సిలిండరు వలన మంటలు లేచి తొమ్మండుగురు మరణించిరి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరయందు రోడ్డు ప్రక్కన నిలిపిన మోటారు ఇంటిలో నిద్రించిన ఇరువురు తిరిగి లేవలేదు. జనరేటరునుండి వెలువడిన కార్బను మోనాక్సైడు లోపలికి ప్రాకుటయే కారణమని తేలినది. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రించువానిని లేపదు. చలికాలమున తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదని మన పెద్దలు చెప్పుటకు కారణమును ఈ వాయువే. కనుక ఇంజను నడుచుచుండగా చల్లగాలి యంత్రము వేసికొని అద్దములు బిగించి నిద్రింపరాదు. జనరేటరును బండి క్రిందను, ప్రక్కను నడుపరాదు. అద్దము కొంచెము దించితిమిగదా యను ధైర్యము చాలదు. వంట బండి లోపల గాక, అనుమతి గల ఆరుబయటనే చేసి, సిలిండరు మూసి మరి పండుకొనవలెను.

స్థలమును ఎన్నుకొనుటలోను మన జిల్లాలకు తగిన వివేకము కావలెను. వంశధారయు, నాగావళియు ఒడిశా కొండలలో పుట్టినవి. ఇచట చుక్క రాలకున్నను, అచట కురిసిన వాన ఒక్క రాత్రిలో ఇచటి ఇసుకతిన్నెలను ముంచివేయగలదు. వానకాలమున నదీగర్భమున బండి నిలుపరాదు. ఉద్దానపు కొబ్బరిచెట్ల నీడ పగటికే గాని రాత్రికి కాదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఆ చెట్లను ఎట్లు నేలకూల్చెనో చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గాలి లేని దినమునను కొబ్బరికాయ రాలుటకు ముహూర్తము చూడదు.

పండుగ దినములలో ఈ మర్యాదకు అసలైన పరీక్ష. విజయదశమి తరువాతి మంగళవారము విజయనగరమున సిరిమానోత్సవము, ముందునాడు తొలేళ్ళు. సిరిమాను మూడులాంతర్ల కడనుండి కోట వరకు మూడుమారులు తిరుగును. ఆ సోమవారపు రాత్రి పట్టణమంతయు బండ్లే. అంబులెన్సునకును, అగ్నిమాపక శకటమునకును దారి విడిచి, ముందరి బండి కదలుటకు వీలిచ్చి, తన ఫోను నంబరును అద్దము వద్ద వ్రాసియుంచినవాడు అమ్మవారికి సగము మ్రొక్కు చెల్లించినవాడే.

ఇన్ని నియమములు అతిథికేనా, ఆతిథ్యమిచ్చువారికి బాధ్యత లేదా యని కొందరు అడుగవచ్చును. తప్పక కలదు. బాటసారికై సత్రములు కట్టి, చెరువులు త్రవ్వి, సాలవృక్షములు నాటిన దేశము మనది. మలవిసర్జనకు చోటు చూపక, మైలపరచినారని నిందించుట న్యాయము కాదు. పంచాయతీలును, మునిసిపాలిటీలును, దేవస్థానములును పండుగ దినములకైనను ఒక మైదానమును కేటాయించి, రెండు దీపములు, ఒక కుళాయి, ఆడువారికి వేరుగ మరుగుదొడ్లు, మురుగు పోయుటకు ఒక గుంట ఏర్పరచి, స్వల్పమైన రుసుము పుచ్చుకొన్నచో ఉభయులకును క్షేమము. ఆ రుసుము ఇచ్చుటకు గొణుగువాడు మర్యాద ఎరుగనివాడు.

మేము ఇంతగా చెప్పుటకు ఒక కారణము కలదు. ఒకరిద్దరి మోటుతనము చూచి విసిగి ఊరివారు మైదానమునకు గొలుసు బిగించినచో, దానివలన నష్టపోవువాడు మోటారు ఇంటి యజమాని కాదు. అతడు హోటలునకు పోవును. నష్టపోవువాడు కండ్లు మూతపడుచున్న లారీ చోదకుడు. ముసలితల్లికి అమ్మవారిని చూపవలెనని కూలిడబ్బులు కూడబెట్టి వ్యాను కట్టించుకొని వచ్చిన కాపు. వారికి ఆ మైదానము తప్ప వేరు బస లేదు. మనము ఒక రాత్రి ఎట్లు మసలుకొందుమో, దానిని బట్టియే మన వెనుక వచ్చువానికి ఆ ఊరు తలుపు తెరచుటయో మూయుటయో జరుగును.

కనుక తెల్లవారి బండి కదల్చుటకు ముందు ఒకమారు దాని చుట్టును తిరిగి చూడుడు. పడిన కాగితమును తీయుడు. పొయ్యి పెట్టిన చోట నీళ్ళు చల్లుడు. చోటిచ్చినవారు కనబడినచో "వెళ్ళొస్తాం" అని చెప్పి, ఆ తరువాతనే తాళము త్రిప్పుడు.