మా కాఫీ బల్ల, కొలత చెంచా



ఆదాయం గురించి మాట్లాడమన్నారు. మేము చేసేది పెద్ద వ్యాపారమేమీ కాదు. మండల ఆఫీసు ఎదురుగా ఒక కాఫీ బల్ల. బ్యాంకు లింకేజీ అప్పులోంచి కొంత పెట్టి గ్యాస్ పొయ్యి, గిన్నెలు, గ్లాసులు కొన్నాం. పదిమందిమి వంతులు వేసుకుని ఇద్దరేసి చొప్పున కూర్చుంటాం. టీ మాకు మొదటిరోజు నుంచీ కుదిరింది. కాఫీయే కుదరలేదు. ఫిల్టర్ వేసి డికాషన్ తీసే తీరిక అక్కడ ఉండదు గనక డబ్బా పొడితోనే చేశాం. తాగినవాళ్ళు ఒకరోజు "ఏంటమ్మా ఇది, కషాయంలా ఉంది" అన్నారు. మర్నాడు వాళ్ళే "ఇవాళ ఉత్త పాలు ఇచ్చారేంటి" అన్నారు.

మేము చేసిన తప్పేంటంటే, టీ పెట్టినట్టే కాఫీ పెట్టాం. పాలు మరుగుతుంటే పొడి వేసి ఇంకో రెండు పొంగులు రానిచ్చేవాళ్ళం. టీ పొడి అలా మరగాలి, సారం దిగాలి. ఈ పొడి అలాంటిది కాదు. కాఫీ గింజలు వేయించి, పొడిచేసి, వేడినీళ్ళతో డికాషన్ తీసి, అందులో నీరంతా ఆరిపోయేట్టు చేస్తే మిగిలేదే ఇది. మన గుంటూరు జిల్లా దుగ్గిరాలలోనే ఇలాంటి పొడి చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. డికాషన్ పని అక్కడే అయిపోయింది, మనకు మిగిలింది కరిగించడమే. దాన్ని మళ్ళీ మరగబెడితే మంచి వాసన ఆవిరితో పోతుంది, చేదు మిగులుతుంది.

ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెబుతాం. గ్లాసులో ముందు పొడి, పంచదార వేస్తాం. ఒక్క చెంచాడు గోరువెచ్చని నీళ్ళు పోసి గట్టిగా గిలక్కొడతాం. ముదురు రంగు పోయి లేత గోధుమరంగు వచ్చేదాకా కొట్టాలి, చెయ్యి నొప్పి పుడుతుంది, అయినా కొట్టాలి. అప్పుడు పాలు పొయ్యి మీంచి దించి, కాస్త ఎత్తు నుంచి పోస్తే నురగ దానంతటదే వస్తుంది. ఉండలు కట్టదు. పాలు మాత్రం పొద్దున కాచినవి సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ కాయకూడదు, మాడు వాసన వస్తుంది. కొద్దికొద్దిగా కాచుకోవడమే మేలు.

పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చదవండి. చికోరీ కలిపినదైతే ఎంత శాతమో రాసి ఉంటుంది. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి కలుపుతారు. తప్పేం కాదు, రంగూ చిక్కదనం ఇస్తుంది, ధర కూడా తక్కువ. కాకపోతే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి కొంటే కొలత మారిపోతుంది. మేము చికోరీ కలిపినదే వాడుతున్నాం. మా దగ్గరికి వచ్చేవాళ్ళకు అదే నచ్చింది.

ఇంతవరకూ అందరికీ చెప్పుకోగలిగిందే. ఇక చెప్పేది సిగ్గుపడాల్సిన సంగతి. 200 గ్రాముల డబ్బా 100 గ్లాసులకు రావాలని లెక్క వేసుకున్నాం, గ్లాసుకు 2 గ్రాములు. 66, 67 గ్లాసులకే డబ్బా అడుగు కనిపించేది. ఒక అక్క వంతులో డబ్బా రెండుసార్లు ఖాళీ అయింది. వారం మీటింగులో, పేరు ఎత్తకుండానే, పొడి ఇంటికి పోతోందేమో అన్నాం. పేరు ఎత్తకపోతే మాత్రం ఎవరికి తెలీదు? ఆ అక్క డబ్బా తాళం చెవి చాప మీద పెట్టి వెళ్ళిపోయింది. మూడు వారాలు రాలేదు, పొదుపు డబ్బులు కొడుకు చేత పంపింది. ఇద్దరు సభ్యులు బల్ల ఎత్తేద్దాం అన్నారు. అప్పు కిస్తీ దగ్గరపడుతోంది.

ఆమె రాని ఆ మూడు వారాల్లోనూ డబ్బా 66 గ్లాసులకే అయిపోయింది.

అప్పుడు కూర్చుని చూసుకున్నాం. తలా ఒక చెంచా. ఇంటి నుంచి తెచ్చుకున్నవి కొందరివి, గోపురంలా నింపేవాళ్ళు కొందరు. కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయిస్తే, నిండుగా పోసిన చెంచాలో 3 గ్రాములు వచ్చింది. తలకొట్టి వేస్తే 2. తేడా అంతా అక్కడే ఉంది. పైగా మరిగే పాల పక్కనే డబ్బా మూత తీసిపెట్టేవాళ్ళం, తడి చెంచా ముంచేవాళ్ళం. ఆవిరి తగిలి పొడి రాయిలా గడ్డకడితే గీకి పారేసింది కూడా మేమే.

ఆ అక్క ఇంటికి పదిమందిలో తొమ్మిదిమందిమీ వెళ్ళాం. లోపలికి రమ్మంది, కూర్చోమంది, ఏమీ అనలేదు. కాఫీ ఇచ్చింది. మా బల్ల మీద కాఫీ కన్నా బాగుంది. "అక్కా, తప్పు మాదే" అన్నాం. "ఇంట్లో చెబితే ఏం లాభం, అన్నది మీటింగులో కదా" అంది. న్యాయమే. తరవాతి మీటింగులో మినిట్స్ పుస్తకంలో రాసి, చదివి వినిపించి, అందరం సంతకాలు పెట్టాం. అలా రాయడానికి ఒకరిద్దరికి ఇష్టం లేదు. పుస్తకం ఆడిట్‌కు పోతుంది, పరువు పోతుంది అన్నారు. ఆమె పరువు పోయినప్పుడు పుస్తకం అడ్డం రాలేదు కదా అని రాసేశాం.

ఇప్పుడు డబ్బాకు దారం కట్టి ఒకే చెంచా వేలాడదీశాం. అది పొడికి తప్ప దేనికీ వాడం, తలకొట్టే వేస్తాం. గ్లాసుకో గీత చొప్పున నోటు పుస్తకంలో గీస్తున్నాం. డబ్బాకు 95కు తగ్గడం లేదు. ఆ అయిదు ఒలికినవీ, ఒకటీ అరా మేము తాగినవీ. కిస్తీలు ఆగలేదు. ఆ అక్క బల్ల దగ్గరికి వస్తోంది, తాళం చెవి మాత్రం ఇంకా తీసుకోవడం లేదు. మేమూ బలవంతం చెయ్యడం లేదు.

ఇవాళ సభకు కాఫీ మా సంఘమే పెడుతోంది. భోజనాల షామియానా పక్కన బల్ల ఉంది. పంచదార తక్కువ కావాల్సినవాళ్ళు ముందే చెప్పండి, గిలక్కొట్టాక తీయలేం.