మతిమరుపంతా ముసలితనం కాదు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ ఎవరి దయాభిక్షా కాదని, అది మన హక్కని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజున పండుగ చేసుకుంటున్నాం. హక్కుగా వచ్చిన ఆ డబ్బును మనం ఏ డబ్బాలకూ, మాత్రలకూ పోస్తున్నామో రెండు మాటలు మనవి చేస్తాను. నేను డాక్టరును కాను. అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు జరిగినదీ, దానివల్ల తెలుసుకున్నదీ చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం నాకు మతిమరుపు మొదలైంది. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చానో లేదో గుర్తులేక రెండుసార్లు ట్రెజరీకి వెళ్ళాను. అరికాళ్ళు తిమ్మిరెక్కేవి. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. "వయసు మీద పడింది, మరేం కాదు" అన్నారు చూసినవారంతా. మా అబ్బాయి ఆదుర్దాతో ఒక పొడి డబ్బా తెచ్చాడు. మెదడుకు చురుకుదనం, చర్మానికి నిగారింపు అని దాని మీద రాసి ఉంది. నెలకు 1,400 రూపాయలు. ఎనిమిది నెలలు పాలలో కాదు, నీళ్ళలోనే కలుపుకుని తాగాను. కొవ్వు భయంతో పాలు, పెరుగు అప్పటికే మానేశాను మరి.

ఒకరోజు మా ఆవిడ, "మీ వేళ్ళ కణుపులు ఇంత నల్లబడ్డాయేమిటండీ?" అంది. ఎండ అనుకున్నాను. షుగరు పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు గారు చేతులు చూసి, నాలుక చూసి, బి-12 పరీక్ష రాశారు. సాధారణంగా 200 పికోగ్రాములకు పైన ఉండవలసింది, నాకు 118 ఉంది.

విటమిన్ బి-12 మనకు రోజుకు కావలసింది సుమారు 2 మైక్రోగ్రాములే. అంటే గ్రాములో పది లక్షల వంతులు రెండు. కాని అది లేకపోతే రక్తం సరిగా తయారు కాదు, నరాల మీది పొర దెబ్బతింటుంది, జ్ఞాపకశక్తి తగ్గుతుంది, కొందరికి చర్మం నల్లబడుతుంది. అది కూరగాయల్లో, పప్పుల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. పైగా వయసు పెరిగితే జీర్ణాశయంలో ఆమ్లం తగ్గి, తిన్నది కూడా ఒంటికి పట్టదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాసుకు వాడే మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. శాకాహారం, వయసు, మెట్‌ఫార్మిన్ - మూడూ నాలోనే కలిశాయి!

మరి ఆ పొడి ఏం చేసింది? అందులో ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంది, బి-12 లేదు. ఫోలిక్ ఆమ్లం గొప్ప మందే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో 1945లో అమెరికాలో దానిని కృత్రిమంగా తయారు చేశారు. అయితే బి-12 లోపం ఉన్నవారు ఇది ఒక్కటే తింటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఇంజెక్షన్లు వేశాక కొన్ని నెలల్లో వేళ్ళ రంగు మామూలైంది. మరుపు చాలావరకు తగ్గింది. పాదాల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ఆ ఎనిమిది నెలల ఆలస్యానికి ఇది నేను కడుతున్న వడ్డీ.

చర్మానికీ మెదడుకూ ఆహారంతో ఉన్న సంబంధం మన ప్రాంతానికి కొత్త కాదు. జొన్నలే ప్రధానాహారంగా బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా వ్యాధి ఉండేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొరలు లేచేది, విరేచనాలయ్యేవి, మతి చలించేది. హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని 1960లో సూచించారు. నయాసిన్ అనే విటమిన్ ఇస్తే రోగులు కోలుకునేవారు. ఎందుకు? వారిలో లోటున్నది అదే కనుక. లోటు లేనివాడు అదే విటమిన్ మింగితే మేధావీ కాడు, అందగాడూ కాడు.

ఎక్కువైతే నష్టం కూడా. విటమిన్ ఏ అతిగా వాడితే కాలేయం చెడుతుంది, జుట్టు రాలుతుంది. బి-6 మోతాదు మించితే నరాలే దెబ్బతింటాయి. జుట్టుకూ చర్మానికీ అమ్మే బయోటిన్ వల్ల థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షలు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి తప్పక చెప్పండి.

కాబట్టి నా విన్నపాలు మూడు. మరుపు, తిమ్మిరి, నోటిపూత, వేళ్ళు నల్లబడటం కనిపిస్తే డబ్బా కొనే ముందు పరీక్ష చేయించుకోండి. డాక్టరు వద్దనకపోతే పాలు, పెరుగు మానకండి; ఒక గ్లాసు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము బి-12 ఉంటుంది. మెట్‌ఫార్మిన్ వాడేవారు సొంతంగా మానవద్దు, బి-12 పరీక్ష గురించి డాక్టరును అడగండి.

ఇక్కడున్న పిల్లలకు ఒక్క మాట. నాన్న మరిచిపోతున్నాడంటే "వయసు" అని కొట్టిపారేయకండి. వయసును మనం వెనక్కి తిప్పలేం గాని, లోటును పూడ్చగలం. లోటెక్కడో చూడకుండా జమ వేసిన ఖాతా ఎన్నడూ సరిపోలదు. నలభై ఏళ్ళు లెక్కలు రాసిన నేను ఆ పాఠం నా ఒంటి మీదే నేర్చుకున్నాను.