అడగడానికి భయపడకండి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సాబ్, మీరు హాస్పిటల్లో చేశారు కదా, ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. నేను షుగరు గురించో, బీపీ గురించో చెప్తాననుకుని ఉంటారు. అవి చెప్పడానికి ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో డాక్టర్లున్నారు. మనవాళ్ళు నలుగురిలో మాట్లాడుకోని జబ్బు ఒకటుంది. అదే మనసు జబ్బు. అది ముదిరి ప్రాణం మీదకి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చెయ్యాలో, అది ఈరోజు చెప్తాను.

నేను ఇంటర్ పాసై 1990లో ఆర్మీ మెడికల్ కోర్‌లో భర్తీ అయ్యాను. లక్నోలో ట్రైనింగ్, నర్సింగ్ అసిస్టెంట్ ట్రేడు. 28 ఏళ్ళ సర్వీసులో 11 ఏళ్ళు వేరువేరు మిలిటరీ ఆసుపత్రుల్లో మానసిక రోగుల వార్డులో పనిచేసి, సుబేదారుగా రిటైరయ్యాను. నేను డాక్టర్ని కాదు. రాత్రిపూట పేషెంటు మంచం పక్కన కూర్చున్నవాణ్ణి. అక్కడ నేర్చుకున్నదే చెప్తున్నాను.

ముందు ఒక లెక్క. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది. రోజుకి 460 మందికి పైనే. ఒక బెటాలియన్ రెండు రోజుల్లో ఖాళీ అయినట్టు. ఇందులో రైతులున్నారు, కూలీలున్నారు, చదువుకునే పిల్లలున్నారు, మనలాంటి యూనిఫాం వాళ్ళూ ఉన్నారు.

మనవాళ్ళు ఎందుకు చెప్పరు? కారణం మీకూ తెలుసు. షేప్ కేటగిరీలో మొదటి అక్షరం 'ఎస్' మనసుకి సంబంధించింది. అది ఒకటి నుంచి కిందకి దిగితే ప్రమోషన్ పోతుంది, కోర్సు పోతుంది, యూనిట్లో "పాగల్ వార్డుకి వెళ్ళొచ్చాడు" అన్న పేరు మిగులుతుంది అని భయం. పైగా సి.ఓ. రిపోర్టు కూడా రాయాలి. అందుకని జవాను నిద్రపట్టకపోయినా, తిండి సహించకపోయినా ఎం.ఐ. రూమ్‌కి వెళ్ళి "తలనొప్పి సాబ్" అంటాడు. రెండు మాత్రలు తీసుకుని వచ్చేస్తాడు. ఆ భయం ఉత్తదే అని నేననను. కానీ తాత్కాలికంగా కేటగిరీ తగ్గి, మందులు సరిగ్గా వాడి, రివ్యూలో మళ్ళీ పైకి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. కేటగిరీ మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనిషిని తెచ్చుకోలేం.

ఇక భాష సంగతి. ఇది మన తెలుగు సంఘానికి బాగా సంబంధించిన విషయం. ఉత్తరాదిలో ఒక ఆసుపత్రిలో నేను హవల్దారుగా ఉన్నప్పుడు మన శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు అడ్మిట్ అయ్యాడు. ఊరూ పేరూ చెప్పను. రౌండ్‌లో ఏమడిగినా "ఠీక్ హై సాబ్" అనేవాడు. మూడు రోజుల పాటు రిపోర్టు బుక్కులో "పేషెంట్ కంఫర్టబుల్, నో కంప్లెయింట్" అనే ఉంది. నాలుగో రోజు నాకు నైట్ డ్యూటీ పడింది. "ఏం తమ్ముడూ, అన్నం తిన్నావా?" అన్నాను. తెలుగు వినపడగానే లేచి కూర్చున్నాడు. "తినబుద్ధి కావట్లేదు సాబ్. లోపలంతా దిగులుగా ఉంది. నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకి బరువు తీరిపోద్ది" అన్నాడు. హిందీలో ఆ దిగులుకి, ఆ బెంగకి మాట వాడికి తెలీదు. వచ్చిన రెండు ముక్కల్లో "ఠీక్ హై" ఒకటి.

నేను సూటిగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా?" కొంచెంసేపు ఊరుకుని "అనిపిస్తోంది సాబ్" అన్నాడు. "ఎలాగో ఏమన్నా అనుకున్నావా? ఎప్పుడని?" అని కూడా అడిగాను. చెప్పాడు. వెంటనే డ్యూటీ మెడికల్ ఆఫీసర్‌కి కబురుపెట్టి, వాడు అన్న మాటలు వాడి మాటల్లోనే రాసి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టాం. పొద్దున సైకియాట్రిస్టు గారు వచ్చి, నన్ను పక్కన పెట్టుకుని గంటసేపు మాట్లాడారు. ఆరు వారాలు ఉన్నాడు. ఊళ్ళో పొలం తగాదా, అన్న చేసిన అప్పు, అన్నీ బయటికి వచ్చాయి. తర్వాత యూనిట్‌కి తిరిగి వెళ్ళాడు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. "అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో" అని చాలామంది నోరు మూసుకుంటారు. అది నిజం కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అప్పటికే ఉన్నవాడికి చెప్పుకోవడానికి ఒక తలుపు తెరుచుకుంటుంది. కాకపోతే అడిగే తీరు ఉంది. "పిచ్చిపిచ్చిగా ఏమీ ఆలోచించట్లేదు కదా?" అంటే ఎవడైనా "లేదు" అనే అంటాడు. సూటిగా, మెల్లగా, కూర్చుని అడగాలి. విన్నాక ఉపన్యాసం ఇవ్వకూడదు. "ఫౌజీవై ఉండి ఇదేంటి" అనకూడదు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే ఒట్టు వెయ్యకండి. "నీ ప్రాణం సంగతి కాబట్టి డాక్టరుకి చెప్తాను, నీతోనే ఉంటాను" అనండి.

వార్డులో ప్రమాదాన్ని ఎలా కాస్తారో కూడా చెప్తాను, ఇంట్లో పనికొస్తుంది. ఎవడు చస్తాడో ఎవడు బతుకుతాడో మార్కులు వేసి జోస్యం చెప్పే కాగితం ఏదీ లేదు. ఇదివరకు ఒకసారి ప్రయత్నం చేసినవాడి విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. అంతకుమించి, ఈ మనిషికి ఈరోజు ఏది కష్టంగా ఉంది, ఏది కాస్త నిలబెడుతోంది అని రోజూ చూస్తూ ఉండటమే పని. ప్రమాదం ఎక్కువుంటే ఒక మనిషి ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటాడు. కొంచెం తగ్గితే పదిహేను నిమిషాలకోసారి చూస్తారు. అదీ గడియారం కొట్టినట్టు ఒకే టైముకి కాదు, కొంచెం ముందూ వెనకా. కాపలా అంటే గోడకానుకుని సెల్‌ఫోన్ చూడటం కాదు. పక్కన కూర్చుని పేకాడటం, టీ తాగడం, వాళ్ళ ఊరి కబుర్లు వినడం. సెంట్రీ డ్యూటీకీ దీనికీ అదే తేడా.

డ్యూటీ మారేటప్పుడు అప్పజెప్పడం ముఖ్యం. "బాగున్నాడు" అని రాస్తే తర్వాత వచ్చేవాడికి ఏమీ తెలీదు. ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఎంత తిన్నాడు, ఫోన్ వచ్చాక మొహం ఎలా మారింది, ఏ మాట అన్నాడు, ఇవి రాయాలి. ఇంట్లో కూడా అంతే. భార్య చూసింది కొడుక్కి తెలియాలి, కొడుకు చూసింది డాక్టరుకి తెలియాలి.

కొందరు ఆందోళన ఎక్కువై అరుస్తారు, మీదకి వస్తారు. అప్పుడు నలుగురూ ఒక్కసారి మీద పడితే వాడు ఇంకా భయపడతాడు. చూడ్డానికి వచ్చిన జనాన్ని ముందు బయటికి పంపాలి. ఒక్కరే మాట్లాడాలి. గొంతు తగ్గించాలి. కొంచెం ఎడంగా, పక్కకి తిరిగి నిలబడాలి, తలుపుకి అడ్డం నిలబడకూడదు. వాడికి వినపడే గొంతులు అబద్ధమని వాదించొద్దు. "నాకు వినపడటం లేదు, కానీ నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది" అంటే చాలు. "నీళ్ళు తాగుతావా, టీ తెప్పించనా?" అని అడగండి. ఏదో ఒకటి తను ఎంచుకునే అవకాశం దొరికితే మనిషి కొంచెం దిగుతాడు.

కట్టెయ్యడం ఆఖరి మార్గం, శిక్ష కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర అగ్నిప్రమాదంలో, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మొత్తం 28 ప్రాణాలు పోయాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆసుపత్రిలో కూడా వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే, పక్కన మనిషి చూస్తూ ఉండగానే కట్టాలి. మన ఊళ్ళలో ఇంకా దర్గా దగ్గరో, గుడి దగ్గరో తాడేసి కట్టేవాళ్ళుంటే వాళ్ళకి ఈ సంగతి చెప్పండి. దేవుడికి మొక్కుకోండి, తప్పులేదు. మందు కూడా వెయ్యండి.

మన క్యాంటీన్ కోటా గురించి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండుమూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేని మనుషులు కనిపిస్తారు, ఫిట్స్ కూడా రావచ్చు. సెలవుకి రెండు రోజుల రైలు ప్రయాణంలో ఇలా అయినవాళ్ళను స్టేషన్ నుంచి నేరుగా మా వార్డుకి తెచ్చిన సందర్భాలున్నాయి. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుంటారు. అది ప్రాణం తీసే జబ్బు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అసలే దిగులుగా ఉన్నవాడికి మందు తోడైతే ఆగి ఆలోచించే శక్తి పోతుంది.

ఇప్పుడు మన పింఛనుదారుల మాట. రిటైరయ్యాక మనవాళ్ళు చాలామంది బ్యాంకుల్లో, ఏ.టి.ఎం.ల దగ్గర లైసెన్సు తుపాకీతో గార్డులుగా చేస్తున్నారు. నాకు తెలిసిన ఒక హవల్దారు గారు అలాగే చేసేవారు. ఒక నెలలో చిట్టీ లెక్కలు తేల్చేశారు, పి.పి.ఓ. కాగితాలు, పాస్‌బుక్కులు భార్యకి అప్పజెప్పి ఏది ఎక్కడుందో చూపించారు, చాలా రోజుల తర్వాత బంధువులందరికీ ఫోన్లు చేశారు. అందరూ "ఎంత బాధ్యత గల మనిషి" అనుకున్నారు. ఆ నెలాఖరుకి ఆయన లేరు. దూరంగా ఉన్న నాకు ఈ సంగతులన్నీ పదకొండో రోజున ఆవిడ చెప్తేనే తెలిశాయి. కాగితాలు సర్దుకున్న ప్రతివాడికీ ప్రమాదం ఉందని కాదు. దానితోబాటు నిద్ర లేకపోవడం, మాట తగ్గడం, "ఇంకెన్నాళ్ళులే" అనడం, నిన్నటిదాకా కుంగిపోయినవాడు ఉన్నట్టుండి తేలికగా కనపడటం ఉంటే, కూర్చోబెట్టి అడగండి.

ఇంట్లో అలాంటి మనిషి ఉంటే తుపాకీ ఇంట్లో ఉండకూడదు. యూనిట్లో డ్యూటీ అయ్యాక ఆయుధం కోత్‌లో జమచేసినట్టే, పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమచెయ్యండి. పురుగుమందు ఇంట్లో పెట్టకండి. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఉంచి, ఒకరు చేతికివ్వండి. "చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు" అంటారు. అది తప్పు. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. అది దాటేదాకా ప్రమాదకరమైన వస్తువు అందకపోతే మనిషి మిగులుతాడు. మన పక్కనున్న శ్రీలంకలో 1990ల నుంచి అతి విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించారు. ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది.

ఇంకొకటి. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే అంతా అయిపోయిందనుకోకండి. ఇంటికి వచ్చిన మొదటి వారం, మొదటి మూడు నెలలు చాలా జాగ్రత్తగా ఉండాలి. దిగులుకి ఇచ్చే మందులు పూర్తిగా పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని మానెయ్యకూడదు. ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి జేబులో పెట్టించండి: నాకు కష్టం మొదలయ్యే గుర్తులేంటి, అప్పుడు నేనేం చేస్తే కాస్త కుదుటపడతాను, ఎవరి దగ్గరికి వెళ్తాను, ఎవరికి ఫోన్ చేస్తాను, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ అట్టముక్కని పేషెంటే తన మాటల్లో రాయాలి.

ఫోన్ నంబరు ఒకటి అందరూ గుర్తుపెట్టుకోండి: 14416. ఇది టెలి మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైన్యం వాళ్ళకోసం పూణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో 2023 డిసెంబరు 1న ప్రత్యేక విభాగం ప్రారంభించారు. ఇంట్లో ఎవరైనా ప్రయత్నం చేసి ఉంటే పోలీసు కేసుకి భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చెయ్యకండి. అలాంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, ప్రభుత్వం వైద్యం అందించాలి అని 2017 చట్టం చెప్తోంది. పాత 309 సెక్షన్ ఉన్న శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న కొత్త సంహిత వచ్చింది, అందులో ఆ సెక్షన్ లేదు. సర్వీసులో ఉన్నవాళ్ళకి ఆర్మీ యాక్ట్ వేరే ఉంది. అయినా సరే, ముందు ప్రాణం, తర్వాతే కాగితం.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. ఈ స్టేషన్‌లోని మిలిటరీ ఆసుపత్రికి మన సంఘం తరపున ఒక జాబితా ఇద్దాం. తెలుగు పేషెంటు అడ్మిట్ అయితే, డాక్టర్లు కావాలన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చుని, విన్నది బయట చెప్పకుండా ఉండగలిగే పదిమంది పేర్లు చాలు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఇద్దరూ కావాలి. నా పేరు మొదట రాసుకోండి. మిగిలిన తొమ్మిది పేర్లు ఈరోజు భోజనాలు అయ్యేలోపు కార్యదర్శిగారికి ఇవ్వండి.